బ్రాడీపేట పాత ఇంట్లో గోడ తీసి ఐ గర్డర్ వేయాలి: 16 అడుగులకు ఏ సైజు సరిపోతుంది?

నాలుగోలైను · గుంటూరు · జనవరి 6, ఉదయం 7:50

అందరికీ నమస్కారం. మా ఇల్లు బ్రాడీపేటలో ఉంది. నాన్నగారు 1974లో కట్టించారు. కింద ముందుగదికీ నడిమి గదికీ మధ్య 14 అంగుళాల ఇటుక గోడ, దానికి రెండున్నర అడుగుల ద్వారం, పక్కనే వంటగది. అమ్మ మూడు నెలలుగా చక్రాల కుర్చీలో ఉంటోంది. ఆ ద్వారంలో కుర్చీ తిరగడం లేదు, ప్రతిసారీ చేతులు గీసుకుంటున్నాయి. అందుకే గోడలో 16 అడుగుల మేర తీసేసి రెండు గదులూ ఒకటి చేయాలనుకున్నాం.

ఇనుప దుకాణంలో అడిగితే "8 అంగుళాల గర్డర్లు రెండు వేయండి, ఏనుగు నడిచినా కదలదు" అన్నారు. తాపీ మేస్త్రీ 10 అంగుళాలది ఒకటి చాలన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్న పక్కింటి అబ్బాయి 12 అంగుళాలు అంటున్నాడు. ముగ్గురివీ మూడు మాటలు. 16 అడుగులకు అసలు ఏ సైజు వేయాలి?

---

తూకంరాయి · విజయవాడ, ఆటోనగర్ · జనవరి 6, ఉదయం 9:15

అన్నగారూ, ముందు మీరు ఒకటి చెప్పాలి. ఆ గోడ మీద ఏముంది? పై అంతస్తు ఉందా? ఉంటే సరిగ్గా ఈ గోడ నెత్తినే పైన కూడా గోడ ఉందా? శ్లాబు ఏ దిక్కుగా పరిచారు? ఇవి తెలియకుండా సైజు చెప్పేవాళ్లు ఊహించి చెబుతున్నట్టే. నేను ఇరవై రెండేళ్లుగా ఫాబ్రికేషన్ చేస్తున్నాను. అడుగులు మాత్రమే చెప్పి గర్డర్ అడిగిన ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగేది ఇదే.

---

నాలుగోలైను · గుంటూరు · జనవరి 6, మధ్యాహ్నం 1:30

పైన తమ్ముడి కుటుంబం ఉంటుంది. సరిగ్గా ఈ గోడ మీదే పై అంతస్తులో 9 అంగుళాల గోడ ఉంది, ఎత్తు 10 అడుగులు. దాని మీద పైకప్పు శ్లాబు. రెండు పక్కలా గదుల వెడల్పు 12 అడుగుల చొప్పున. రెండు అంతస్తుల్లోనూ శ్లాబులు ఈ గోడ మీదకే కూర్చున్నాయని మేస్త్రీ చెప్పాడు.

---

గట్టునేల · గుంటూరు · జనవరి 6, రాత్రి 8:40

నేను ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ ప్రశ్న చదివాక కాగితం తీసి లెక్క వేయకుండా ఉండలేకపోయాను. మామూలు మాటల్లో చెబుతాను, ఓపిగ్గా చదవండి.

గోడకు రెండు పక్కలా 12 అడుగుల గదులంటే, ఒక్కో గదిలో సగం శ్లాబు బరువు ఈ గోడ మీదకు వస్తుంది. అంటే మొత్తం 12 అడుగులు, 3.6 మీటర్లు. ఐదంగుళాల శ్లాబు, దాని మీద నేల పూత, మనుషులు, సామాను అన్నీ కలిపి చదరపు మీటరుకు సుమారు 600 కిలోలు వేసుకుందాం. ఇళ్లలో మనుషులకు, సామానుకు చదరపు మీటరుకు 200 కిలోలు లెక్కించాలని భారత ప్రమాణం (ఐఎస్) 875 రెండో భాగం చెబుతుంది, అది ఇందులో కలిసే ఉంది. ఆ లెక్కన గోడ పొడవులో ప్రతి మీటరుకు 2.2 టన్నులు. పైకప్పు శ్లాబు నుంచి దాదాపు మరో 2.2 టన్నులు. పై గోడ ఒకటిన్నర టన్నులు. గర్డర్ల సొంత బరువు కూడా కలిపితే మీటరుకు 6 టన్నులు.

మీరు తీసేది 16 అడుగులు కాబట్టి ఆ గర్డర్ల మీద సుమారు 30 టన్నులు కూర్చుంటాయి. ఇది ఊహ కాదు, ఇప్పుడు మీ గోడ మోస్తున్న బరువే.

పైన గోడా పైకప్పూ లేకుండా ఒక్క శ్లాబే ఉండి ఉంటే మీటరుకు 2.4 టన్నులు వచ్చేది. దానికి ఐఎస్‌ఎంబి 300 ఒకటి సరిపోతుంది (ఐఎస్‌ఎంబి అంటే భారత ప్రమాణంలోని మధ్యరకం ఐ గర్డర్, పక్కనున్న అంకె మిల్లీమీటర్లలో దాని ఎత్తు). ఐఎస్‌ఎంబి 250 అప్పుడు కూడా చాలదు. మీకున్న 6 టన్నులకు ఉక్కు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800 లెక్కన కావలసిన ప్లాస్టిక్ మాడ్యులస్ (గర్డర్ వంపును తట్టుకునే బలానికి కొలత) 1,290 ఘన సెంటీమీటర్లు. దుకాణదారు చెప్పిన 8 అంగుళాల గర్డర్లు రెండూ కలిపితే సుమారు 508. అంటే కావలసినదాంట్లో ఐదింట రెండు వంతులే. దయచేసి అవి కొనకండి.

ఐఎస్‌ఎంబి 300 రెండు వేస్తే బలం అంచున సరిపోతుంది, కానీ వంపు 15 మిల్లీమీటర్లు దాటుతుంది. పైన ఇటుక గోడ ఉన్నప్పుడు వంపు పొడవులో 360వ వంతు మించకూడదు, అంటే మీకు 14. కాబట్టి నా అంచనా ఐఎస్‌ఎంబి 350 రెండు, పక్కపక్కన. వంపు 10 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది.

ఇది చూడకుండా వేసిన లెక్క. ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు మీ ఇంటికి వచ్చి, కొలిచి, సంతకం పెట్టిన కాగితం ఇచ్చే దాకా గోడకు సుత్తి తగిలించవద్దు. మీ ఇంట్లో కింద ఒక తల్లి, పైన ఒక కుటుంబం ఉన్నారు.

---

నాలుగోలైను · గుంటూరు · జనవరి 6, రాత్రి 10:05

సార్, చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. సోమవారం 8 అంగుళాలవి తెప్పించేవాళ్లం. బయానా కూడా సిద్ధంగా ఉంది. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

---

కొత్తచిగురు · విజయవాడ · జనవరి 7, ఉదయం 6:20

గట్టునేల గారూ, ఒక సందేహం. నేను సైటు ఇంజనీరుగా చేరి ఏడాదైంది. ఒకే 350 బదులు రెండు ఎందుకు? ఐఎస్‌ఎంబి 450 ఒకటి వేస్తే సరిపోదా?

---

గట్టునేల · గుంటూరు · జనవరి 7, ఉదయం 7:10

లెక్కకు సరిపోతుంది నాయనా. కానీ పని జరిగే తీరు చూడు. గోడ 14 అంగుళాలది. దాన్ని ఒకేసారి పూర్తిగా తీస్తే పైనున్నదంతా జాకీల మీదే వేలాడాలి. రెండు గర్డర్లయితే ముందు గోడకు ఒక పక్క ఏడంగుళాల లోతు గాడి కొట్టి మొదటి గర్డర్ దూర్చి, పైన గట్టిగా నింపి, అది గట్టిపడ్డాక రెండో పక్క గాడి కొట్టవచ్చు. ఎప్పుడూ సగం గోడ నిలబడే ఉంటుంది. ఐఎస్‌ఎంబి 350 రెక్క వెడల్పు 140 మిల్లీమీటర్లు, గాడి 175. చక్కగా ఇముడుతుంది. పైగా 450 గర్డర్ ఒకటిన్నర అడుగుల ఎత్తు, కింద తల ఎత్తు తగ్గిపోతుంది.

---

లోలకం · విజయవాడ · జనవరి 7, ఉదయం 11:30

కళాశాలలో స్ట్రక్చర్స్ బోధిస్తాను. గర్డర్ గురించి ఇంత మాట్లాడాం, దాని కొసల గురించి ఇంకా ఎవరూ అడగలేదు.

30 టన్నులంటే ఒక్కో కొసన 15 టన్నులు. ఇంతవరకూ ఆ బరువు 16 అడుగుల గోడ పొడవునా పరుచుకుని పునాదిలోకి దిగుతోంది. ఇక నుంచి రెండే రెండు చోట్ల దిగుతుంది. గర్డర్‌ను మిగిలిన గోడ ముక్క మీద అడుగు లోతు కూర్చోబెడితే ఆనే చోటు 35 సెంటీమీటర్లు × 30 సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 14 కిలోలు. సాధారణ ఇటుక కట్టుబడికి ఐఎస్ 1905 లెక్కలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల చుట్టుపక్కలే అనుమతి దొరుకుతుంది. కాబట్టి అక్కడ ఇటుక నలుగుతుంది. గర్డర్ నిక్షేపంగా ఉంటుంది, దాని కింద గోడ పొడి పొడిగా రాలుతుంది.

కింద మూడడుగుల పొడవు కాంక్రీటు దిమ్మె వేసి బరువు పరచవచ్చు, లేదా రెండు కొసలా స్తంభాలు లేపవచ్చు. స్తంభాలైతే వాటికి సొంత పునాది కావాలి. గుంటూరులో చాలా చోట్ల నల్లరేగడి ఉంది. ఎండాకాలం బీటలు వేస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. నేల చదరపు మీటరుకు 10 టన్నులే మోస్తుందనుకుంటే ఒక్కో స్తంభం కింద ఒకటిన్నర చదరపు మీటర్లకు పైగా పాదం ఉండాలి, అదీ తడి పొడి మారే లోతు దాటాక. నేల పరీక్ష తప్పనిసరి.

ఇంకొకటి. విజయవాడ, గుంటూరు రెండూ ఐఎస్ 1893 (2016) పటంలో మూడో భూకంప మండలంలో ఉన్నాయి. అడ్డంగా ఊగే బలాన్ని ఇంతకాలం ఆ గోడ ఆపింది. గోడ పోయాక ఆ పని చేసేది స్తంభాలూ గర్డర్లూ కలిసిన చట్రమే. కాబట్టి స్తంభానికీ గర్డర్‌కూ మధ్య అతుకును గట్టిగా డిజైన్ చేయమని మీ ఇంజనీరును అడగండి. ఊరికే ఆనించి వదిలేయకూడదు.

---

నీటిమట్టం · విజయవాడ, సింగ్‌నగర్ · జనవరి 7, రాత్రి 9:00

ఇది చదువుతుంటే మా దుకాణం కళ్లముందు కదిలింది. నేనూ రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా కిరాణా దుకాణంలో సరుకంతా నీళ్లపాలైంది. బియ్యం, పప్పులు, పిండి అన్నీ పోయాయి. మళ్లీ అలా జరగకూడదని దుకాణంలోనే 8 అడుగుల ఎత్తున ఇనుప అటక వేయించాం. 15 అడుగుల పొడవు, ఐదేసి అడుగులకు ఒక 6 అంగుళాల గర్డర్, పైన రేకు పలక. గర్డర్లు ఎక్కడ కొన్నామో పేరు చెప్పను. కిలో లెక్కన కొన్నాం. "ఇవి తేలిక రకం, బరువు తక్కువ, మీకు ఖర్చు తక్కువ" అన్నారు. కిలోకే కదా డబ్బిచ్చేది, తక్కువ తూగితే మనకే లాభమనుకున్నాం.

బస్తాలు పేర్చిన నెలకు కింద నిలబడి చూస్తే నడుమ వంగి కనిపించింది. పురికొస లాగి కొలిస్తే అంగుళం. మా అత్తగారు ఆ అటక కింద కూర్చోవడమే మానేశారు. ఇంకో పని కోసం తెచ్చిన అదే రకం ముక్క ఒకటి మిగిలి ఉంటే కాటా వేయించాం. 16 అడుగుల ముక్క 58 కిలోలు తూగింది. అది ఎంత ఉండాలో ఇక్కడెవరైనా చెప్పగలరా?

---

తూకంరాయి · విజయవాడ, ఆటోనగర్ · జనవరి 7, రాత్రి 10:20

అమ్మా, ఐఎస్‌ఎంబి 150 మీటరుకు 15 కిలోలు. 16 అడుగులంటే 4.88 మీటర్లు. 73 కిలోలు తూగాలి. మీది 58, అంటే మీటరుకు 12 కూడా లేదు. ఐదో వంతు ఇనుము తగ్గింది.

ఈ విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలని నా ప్రార్థన. కిలో లెక్కన కొంటే మోసం జరగదని చాలామంది అనుకుంటారు. డబ్బులో జరగదు, నిజమే. బలంలో జరుగుతుంది. ఎత్తు కొలిస్తే సరిగ్గా 6 అంగుళాలే ఉంటుంది. రెక్కలూ నడుమ పలకా పలచబడి ఉంటాయి. కంటికి కనపడదు. కాటాకు కనపడుతుంది.

నేను ఎప్పుడూ జేబులో పెట్టుకునే లెక్క ఇది, ఐఎస్ 808 1989 ముద్రణ నుంచి: 200 సైజు మీటరుకు 24.2 కిలోలు, 250 అయితే 37.3, 300 అయితే 46, 350 అయితే 52.4. పాత పుస్తకాల్లో 200కు 25.4, 300కు 44.2 అని ఉంటుంది, రెండూ కనిపిస్తాయి, కంగారుపడకండి. లారీ ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి తూయించండి. తేడాను మొత్తం మీటర్లతో భాగించండి. వచ్చిన అంకె పట్టికకు దగ్గరగా లేకపోతే సరుకు దించుకోవద్దు. మిల్లుల్లో తయారైన సరుకుకు కొద్దిపాటి హెచ్చుతగ్గులు సహజం, వాటి హద్దులు ఐఎస్ 1852లో ఉన్నాయి. ఐదో వంతు తగ్గడం ఏ హద్దులోకీ రాదు.

---

లోలకం · విజయవాడ · జనవరి 8, ఉదయం 8:00

నీటిమట్టం గారూ, మీకు ధైర్యం చెప్పే మాట ఒకటి, బాధ కలిగించే మాట ఒకటి ఉన్నాయి. బాధ కలిగించేది ముందు చెబుతాను. గర్డర్లు పూర్తి బరువు ఉన్నా మీ అటక వంగేది. బస్తాల బరువును చదరపు మీటరుకు 300 కిలోలు అనుకుని లెక్క వేశాను. సరైన ఐఎస్‌ఎంబి 150 అయినా 15 అడుగులకు 20 మిల్లీమీటర్ల పైనే వంగుతుంది. హద్దు 15. అంటే సైజు ఎంపికే చిన్నదైంది, తక్కువ బరువు దాన్ని ఇంకా చెడగొట్టింది.

ధైర్యం చెప్పేది: వంపు పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పొడవు సగం చేస్తే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. నడుమ అడ్డంగా ఒక గట్టి గర్డర్ వేసి దాని కింద స్తంభాలు పెట్టించండి. ఉన్న గర్డర్లు పారేయనక్కర లేదు. ఈలోగా బస్తాలు నడుమ నుంచి తీసి గోడల దగ్గరకు జరపండి, ఈరోజే.

---

నీటిమట్టం · విజయవాడ, సింగ్‌నగర్ · జనవరి 8, ఉదయం 9:30

ఇప్పుడే మా అబ్బాయి, నేను కలిసి నడుమ ఉన్న నలభై బస్తాలు దించేశాం. స్తంభాల కోసం మనిషిని పిలిపిస్తున్నాం. మీ మేలు మరచిపోను.

---

పాతమిద్దె · విజయవాడ, వన్‌టౌన్ · జనవరి 8, సాయంత్రం 5:45

మాది వన్‌టౌన్‌లో తాతల నాటి ఇల్లు. వెనక గది పడిపోయే స్థితిలో ఉంటే దించేశాం. కప్పులోంచి ఆరు ఇనుప గర్డర్లు బయటపడ్డాయి. తుప్పు పైపైనే ఉంది. వాటి నడుమ పలక మీద ఉబ్బెత్తు అక్షరాలతో ఇంగ్లండులోని మిడిల్స్‌బరో నుంచి వచ్చిన డార్మన్ లాంగ్ ముద్ర ఉంది. ఆ సంస్థే సిడ్నీ హార్బర్ వంతెన కట్టిందని చదివి మా పిల్లలు ఎంత మురిసిపోయారో! పాత రైలు పట్టాలు కూడా రెండు దొరికాయి, కిటికీల మీద వేసినవి. పాత ఇనుము గట్టిదని అందరూ అంటారు. వీటినే కొత్త గదికి వాడుకోవచ్చా? తాతగారి జ్ఞాపకంగా ఉంచుకోవాలని కోరిక.

---

గట్టునేల · గుంటూరు · జనవరి 8, రాత్రి 8:15

కోరిక మంచిదే. జాగ్రత్తలు చెబుతాను. అవి అంగుళాల కొలతలో చేసినవి. బ్రిటన్‌లో ఆ సైజులను 1903లో ప్రమాణీకరించారు. మన ఐఎస్‌ఎంబి పట్టికలో వాటిని వెతకవద్దు. ఎత్తు, రెక్క వెడల్పు, మందాలు కొలిచి, ఒక ముక్క తూయించి, లక్షణాలు విడిగా లెక్కించాలి. ఇనుము రకం తెలియదు కాబట్టి ఒక కొస నుంచి నమూనా కోసి ప్రయోగశాలలో లాగుడు పరీక్ష, రసాయన పరీక్ష చేయించండి. ఊళ్లో ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలు ఈ పని చేస్తాయి. ఆ కాలపు ఉక్కులో గంధకం, భాస్వరం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, వెల్డింగ్‌కు అనుకూలం కాకపోవచ్చు. బోల్టులతో బిగించడం మేలు.

---

తూకంరాయి · విజయవాడ, ఆటోనగర్ · జనవరి 8, రాత్రి 9:05

రైలు పట్టాల సంగతి నేను చెబుతాను. వాటిని ఎవరు చెప్పినా వెల్డ్ చేయించవద్దు. పట్టా ఉక్కులో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉంటుంది. మన గర్డర్లలో వాడే ఈ250 ఉక్కులో 0.23 శాతానికి మించకూడదు. పట్టా చక్రాల రాపిడికి తట్టుకోవాలి కాబట్టి దాన్ని అంత గట్టిగా చేస్తారు. ఆ గట్టిదనమే వెల్డింగ్‌లో శత్రువు. మామూలు రాడ్డుతో అతికితే చల్లారేటప్పుడు అతుకు పక్కన సన్నటి పగులు వస్తుంది. పైకి అతుకు అందంగా ఉంటుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో అలా అతికిన వాకిలి కప్పు ఒకటి గాలివానకు ఊడి పడటం కళ్లారా చూశాను. ఆ రోజు దాని కింద మనుషులు లేకపోవడం అదృష్టం. పట్టాలను తోటలో బల్లగా వేసుకోండి, తాతగారి జ్ఞాపకం అలాగైనా నిలుస్తుంది.

---

కొత్తచిగురు · విజయవాడ · జనవరి 9, ఉదయం 6:40

లోలకం గారూ, ఐ ఆకారం గొప్పదనం పుస్తకంలో చదివాను గానీ సైటులో మేస్త్రీలకు చెప్పలేకపోతున్నాను. నిన్న ఒకచోట గర్డర్‌ను పడుకోబెట్టి వేశారు, తల ఎత్తు కలిసొస్తుందని. వద్దంటే "ఇనుము అదే కదా" అన్నారు.

---

లోలకం · విజయవాడ · జనవరి 9, మధ్యాహ్నం 12:50

ఒక చెక్క స్కేలు తీసుకెళ్లి వాళ్ల చేతికివ్వండి. పడుకోబెట్టి వంచమనండి, వంగుతుంది. నిలబెట్టి వంచమనండి, వంగదు. చెక్క మారలేదు, నిలబడే తీరు మారింది.

దూలం వంగేటప్పుడు పై పొరలు నలుగుతాయి, కింది పొరలు సాగుతాయి, నడిమి పొరకు పెద్ద పని ఉండదు. అందుకే ఇనుమును నడుమ నుంచి తీసి పైకీ కిందికీ చేర్చారు. రెక్కలు వంపును మోస్తాయి, నడుమ పలక కోతను (నిలువుగా తెంచాలని చూసే బలాన్ని) మోస్తూ రెక్కలను దూరంగా నిలుపుతుంది. ఐఎస్‌ఎంబి 300ను నిలబెడితే ఉండే బిగువు పడుకోబెట్టినదాని కంటే 19 రెట్లు. మీ సైటులో వేసినది తక్షణం తీయించండి. మాట వినకపోతే మీ పై ఇంజనీరుకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఈ ఆకారం ఎలా వస్తుందో కూడా చెప్పండి, వాళ్లు ఆసక్తిగా వింటారు. ఉక్కు దిమ్మెను సుమారు 1,200 డిగ్రీల దాకా కాల్చి, గాళ్లు చెక్కిన రోలర్ల మధ్య మళ్లీ మళ్లీ నడిపిస్తారు. ప్రతి నడకలో కొంచెం కొంచెంగా ఐ రూపం తేలుతుంది. పాత పద్ధతి రోలర్లలోంచి సులువుగా బయటపడటానికి ఐఎస్‌ఎంబి రెక్క లోపలి వైపు వాలుగా ఉంటుంది, కొసన పలచగా, మొదట్లో మందంగా. రెక్క లోపలి ముఖానికీ నడుమ పలకకూ మధ్య కోణం 98 డిగ్రీలు. సమాంతర రెక్కలవి ఎన్‌పిబి, డబ్ల్యుపిబి రకాలు (సన్న రెక్కవి, వెడల్పు రెక్కవి). రాయగఢ్‌లో జిందాల్ వాళ్ల మిల్లు అలాంటివి చేస్తుంది. మన విశాఖ ఉక్కు కర్మాగారం కమ్మీలతో పాటు బీములు, చానళ్లు, యాంగిళ్లు కూడా చేస్తుంది. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని గొంతెత్తిన తరానికి నేను కృతజ్ఞుణ్ణి. ఆ ముద్ర ఉన్న గర్డర్ చూసినప్పుడు నాకు ఇప్పటికీ మనసు నిండుతుంది.

---

తూకంరాయి · విజయవాడ, ఆటోనగర్ · జనవరి 9, రాత్రి 9:30

లోలకం గారు చెప్పిన 98 డిగ్రీల మాట పనిలో ఎంత ముఖ్యమో చెబుతాను. ఆ వాలు రెక్కకు బోల్టు వేస్తే మామూలు వాషర్ పెట్టకూడదు. నట్టు ఒక పక్కే ఆనుతుంది, బోల్టు వంగుతుంది. వాలుకు తగ్గ టేపర్ వాషర్ వేయాలి. దుకాణాల్లో అడగండి, దొరుకుతాయి. చాలామంది వేయరు.

నాలుగోలైను అన్నగారికి ఇంకొన్ని. రెండు గర్డర్లు పక్కపక్కన పెట్టినంత మాత్రాన కలిసి పనిచేయవు. మధ్య మధ్యలో పలకలతో కట్టివేయాలి, లేకపోతే ఒకటే మోస్తూ రెండోది చూస్తూ ఉంటుంది. ముక్కలు అతికిన గర్డర్ తీసుకోవద్దు, ఒకే పొడవు కావాలనండి. కరెంటు పైపు కోసం రెక్కను కోయనివ్వద్దు. అవసరమైతే నడుమ పలకలో, సగం ఎత్తులో, ఇంజనీరు చూపిన చోట రంధ్రం వేయవచ్చు.

కొనేటప్పుడు గర్డర్ మీద ఐఎస్‌ఐ గుర్తు చూడండి. గుర్తుకు పైన ఐఎస్ 2062 (ఉక్కు ప్రమాణం) అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో వస్తుంది. మిల్లు పరీక్ష పత్రం అడగండి, అందులోని హీట్ నంబరు (ఆ ఉక్కును కరిగించిన విడత సంఖ్య) గర్డర్ మీది నంబరుతో కలవాలి. 18 శాతం జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, రేపు ఏమైనా తేడా వస్తే మీ చేతిలో కాగితం ఉండాలి.

---

నాలుగోలైను · గుంటూరు · ఫిబ్రవరి 3, ఉదయం 8:15

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి రెండుసార్లు కొలిచారు. గట్టునేల గారి లెక్కా ఆయన లెక్కా కలిశాయి: ఐఎస్‌ఎంబి 350 రెండు, ఒక్కోటి 18 అడుగులు. కొసల దగ్గర కాంక్రీటు స్తంభాలు వేయమన్నారు. నేల పరీక్షలో నల్లరేగడే తేలింది. ఆరడుగుల లోతుకు వెళ్లాం. అమ్మను, తమ్ముడి కుటుంబాన్ని మా అక్క వాళ్లింటికి పంపించాం.

నిన్న గర్డర్లు వచ్చాయి. ఒక్కోటి 5.49 మీటర్లు, రెండూ కలిపి 575 కిలోలు రావాలి. కాటాలో 570 వచ్చింది. ఆ చీటీ చేతిలో పట్టుకుని తూకంరాయి గారిని తలుచుకున్నాను. ఒక్కోటి 290 కిలోల దాకా ఉంది. మా వీధిలోకి క్రేను తిరగలేదు. ఎనిమిది మంది, రెండు చైన్ పుల్లీలు పట్టాయి.

---

తూకంరాయి · విజయవాడ, ఆటోనగర్ · ఫిబ్రవరి 3, ఉదయం 9:40

చాలా సంతోషం. గర్డర్ నెత్తికీ పై గోడకూ మధ్య ఖాళీని మామూలు సిమెంటుతో మెత్తవద్దు. అది ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, వెంట్రుకవాసి సందు మిగిలినా పై గోడ ఆ మేరకు దిగి బీటలిస్తుంది. ముందు ఉక్కు చీలికలు రెండేసి అడుగులకు ఒకటి చొప్పున కొట్టి బిగించండి. గర్డర్ కొంచెం వంగి బరువు ఎత్తుకుంటుంది. ఆ తర్వాత కుంచించుకుపోని గ్రౌటుతో నింపండి. వారం దాకా జాకీలు తీయవద్దు. తీసేటప్పుడు ఒక్కటొక్కటిగా, నడుమ నుంచి కొసల వైపు వదులు చేయండి.

---

లోలకం · విజయవాడ · ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 2:00

జాకీలు తీసే ముందే గర్డర్ కింద పురికొస బిగించి నడుమ ఎత్తు రాసుకోండి. పై గోడలో ఉన్న పాత బీటల మీద చిన్న గాజు ముక్కలు అతికించండి. గోడ కదిలితే గాజు విరిగి చెబుతుంది.

---

నాలుగోలైను · గుంటూరు · ఫిబ్రవరి 22, రాత్రి 9:20

ఈ రోజు చివరి జాకీ తీశాం. నేను గర్డర్ కిందే నిలబడి ఉన్నాను. పనివాళ్లు పక్కకు రమ్మన్నా రాలేకపోయాను. పురికొసకు కొలిస్తే వంపు 5 మిల్లీమీటర్లు. గాజు ముక్కలు మూడూ చెక్కుచెదరలేదు. గట్టునేల గారు చెప్పినదాని కంటే తక్కువ వంగింది, ఎందుకో తెలియలేదు.

---

గట్టునేల · గుంటూరు · ఫిబ్రవరి 22, రాత్రి 9:50

నేను చెప్పినది ఇల్లు నిండా సామాను, మనుషులు ఉన్నప్పటి లెక్క. ఇప్పుడు పైన ఎవరూ లేరు, ఒట్టి కట్టడం బరువుకు 7 దాకా రావాలి. చీలికలు బిగించినప్పుడే కొంత వంపు ముందుగా తీరిపోయింది. పైగా ఇటుక గోడ తనలో తానే కమానులా వంగి కొంత బరువును నేరుగా స్తంభాల వైపు నెడుతుంది. దాన్ని మేము లెక్కలో నమ్ముకోం, అది అదనపు భద్రత.

ఇక ఒక్క పని మిగిలింది. గర్డర్‌ను అలాగే బయటకు వదిలేయవద్దు. ఉక్కు మండదు గానీ 600 డిగ్రీల దగ్గర బలం సగానికి పడిపోతుంది. మీ వంటగది పక్కనే ఉందన్నారు. తుప్పు, పొలుసు గీకి రెడ్ ఆక్సైడ్ వేసి, చుట్టూ తీగ జాలీ కట్టి మందంగా పూత వేయించండి.

---

నీటిమట్టం · విజయవాడ, సింగ్‌నగర్ · ఫిబ్రవరి 23, ఉదయం 7:00

మా అటకకు నడుమ గర్డర్, రెండు స్తంభాలు వేయించాం. ఈసారి ఐఎస్‌ఎంబి 200, కాటా వేయించి, చీటీ చూసి, ఆ తర్వాతే దించుకున్నాం. వంపు ఇప్పుడు కొలవాలంటే కంటికి ఆనడం లేదు. అత్తగారు నిన్న ఆ అటక కిందే కూర్చుని పూలు గుచ్చారు.

---

నాలుగోలైను · గుంటూరు · మార్చి 2, సాయంత్రం 6:30

అమ్మ తిరిగి ఇంటికి వచ్చింది. కుర్చీ చక్రాలు తానే తోసుకుంటూ ముందుగది నుంచి నడిమి గదికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. నాన్నగారి ఫొటో ఇంతకుముందు ఆ గోడకే ఉండేది, ఇప్పుడు ఎడమ స్తంభానికి తగిలించాం. పురికొస ఇంకా తీయలేదు. నల్లరేగడి నేల కదా, వానాకాలం దాటాక మరోసారి కొలిచి ఆ అంకె ఇక్కడే రాస్తాను.